పనికి బలం

పక్షవాతంతో మంచం పట్టిన మా ఆయన్ని పక్కకు తిప్పి, కింద తడిసిన దుప్పటిని లాగుతున్నాను. మనవరాలు యామిని గుమ్మంలో నిలబడి "యౌదు తోలే" అంది. పై చదువుకు ఎస్టోనియా పోవాలని వాళ్ల భాష నేర్చుకుంటోంది.

"ఏమే అది?"

"ఆడ ఎవురన్నా పని చేస్తాంటే, పక్కన పోయేవాళ్లు అట్లనాల అవ్వా. యౌదు అంటే బలం. తో అంటే పని. లే అంటే మన 'కి'. పనికి బలం."

"క్రియ యాడ పోయింది?"

"ఉండదు. మనమే అనుకోవాల."

"మనమైతే పనైందా అని అడుగుతాం. అయింది అంటే సరిపాయె."

పోయిన వారం కొడుకు ఈయన్ని చూసుకోడానికి ఆయమ్మను పెడతానన్నప్పుడు కూడా అంతే చెప్పాను. పనులన్నీ అయిపోతున్నాయి, ఎవరూ అక్కర్లేదన్నాను.

"వాళ్ల జవాబు వేరే అవ్వా. తార్విస్ అనాల. అంటే, బలం అవసరమే అని. చేన్లో ఉండే రైతు గూడా అట్లనే అంటాడంట."

"మన కోయిలకుంట్లలో ఎవురంటారే అట్లా?"

ఆయన బరువంతా నా మోచేతి మీద ఉంది. నిన్నటి నుంచి నొప్పికి నా ఆ చెయ్యి పైకి లేవడం లేదు.

"తార్విస్" అన్నాను.

యామిని నవ్వబోయి ఆగింది. "పాఠం అప్పజెప్తాండావా అవ్వా, నిజంగా అంటాండావా?"

"ముందు ఆ కొస పట్టుకోవే. తర్వాత మీ నాయనకు ఫోన్ చేసి, ఆయమ్మను పంపమని చెప్పు."