అపా గుండె

కిర్గిజ్‌స్తాన్‌లోని ఓష్ ఊరి ఆసుపత్రి వార్డులో దీపాలు తగ్గించేశారు. "నీ పట్టుదల తగలెయ్య, ఇక హాస్టల్‌కి పదవే," అని సణిగి సణిగి వైశాలి వెళ్ళిపోయింది. సలోమి కదల్లేదు. వైద్యం చదువులో నాలుగో ఏడు. గుండె చప్పుడు విని చెప్పే పరీక్ష ఒకసారి తప్పింది. రేపు మళ్ళీ ఉంది. "చప్పుడు ఎప్పుడూ ఉంటుంది, మీకే ఓపిక ఉండదు," అని మేడం అందరి ముందూ దులిపేసింది.

చివరి మంచం మీది ముసలావిడ చేత్తో పిలిచింది. "రా బిడ్డా. నాది విను."

సలోమి స్టెతస్కోప్ ఆనించింది. ఏమీ వినపడలేదు. చోటు మార్చినా అంతే. తన గుండెమీద పెట్టుకుంటే చక్కగా కొట్టుకుంటోంది.

"దొరకట్లేదు అపా," అంది వచ్చీరాని కిర్గిజ్‌లో. అక్కడ పెద్దావిడల్ని అపా అనే పిలుస్తారు.

"ఇక్కడికొచ్చేసరికి నీలా చదువుకునే పిల్లలందరూ విసిగి వెళ్ళిపోతారు."

"నేను పోను."

"నువ్వు మంచిదానివి," అంది అపా.

సలోమి మంచం అంచున కూర్చుని, కళ్ళు మూసుకుని, మళ్ళీ ఆనించింది. చాలాసేపటికి ఎక్కడో లోతున ఒక దెబ్బ పడింది. ఆగి, ఇంకొకటి. మెల్లగా పుంజుకుని, పడుచుపిల్ల గుండెలా గట్టిగా కొట్టుకోసాగింది. సలోమి సంతోషం పట్టలేక కళ్ళు తెరిచింది. అపా బుగ్గలు ఎర్రబడుతున్నాయి.

పోల్చి చూద్దామని స్టెతస్కోప్ తన గుండెకు ఆనించుకుంది. చప్పుడు లేదు.

ఓపిక పట్టాలి, అనుకుంది సలోమి. పళ్ళు బిగించి, ఇంకాస్త గట్టిగా నొక్కిపట్టింది.