బుధవారం అక్క

"ఏమయ్యా జక్రయ్యా, ఇది లైబ్రరీయా, ఏడుపుల కొట్టమా?"

కమిటీ ప్రెసిడెంటు చెంచయ్య నోటుబుక్కుని బల్లమీద విసిరికొట్టాడు.

లైబ్రేరియన్ జక్రయ్య లేచి నిలబడ్డాడు. ఆ పుస్తకం పెట్టింది తనే. పెదకాకాని దారిలోని ఆ ఊరి లైబ్రరీలో, ఎనభై నాలుగు వేసవిలో, పురికొసతో కిటికీ ఊచకి కట్టాడు. 'మనసులో మాట రాయండి, పేరు అక్కర్లేదు' అని చీటీ కూడా అంటించాడు.

మిరప తెగుళ్ల గురించి రాస్తారనుకున్నాడు పాపం. జనం నిజంగానే మనసులో మాట రాశారు.

"ఇది చూడు. 'మొగుడు కొట్టడు, తిట్టడు, అసలు పలకడు. గోడతో కాపురం చేస్తున్నా.' ఇదేం రాతయ్యా? 'మగపుటక పుట్టాను గానీ లోపల మగాణ్ణి కాదు.' ఛీ! ఇంకోడెవడో, 'పెళ్లాం పోయిన మగాడు ఏడిస్తే తప్పా' అంట. థూ, వాడూ ఒక మగాడేనా?"

జక్రయ్య తల వంచుకున్నాడు. ఆ ఇంకోడు తనే. గుర్తుపట్టకుండా ఎడమచేత్తో రాశాడు.

భార్య రెబ్కా పోయి రెండేళ్లు. చర్చిలో అందరూ 'దేవుడి చిత్తం' అన్నారే గానీ, అతన్ని ఏడవనిచ్చినవాళ్లు లేరు. ఆ ప్రశ్న కింద మాత్రం గుండ్రటి అక్షరాలతో జవాబొచ్చింది.

'తప్పు కాదు తమ్ముడూ. కన్నీళ్లకి ఆడా మగా తేడా లేదు. ఏడువు, అన్నం మాత్రం మానకు. ఇట్లు, అక్క.'

ఎవరు ఏం రాసినా జవాబు ఆ అక్కదే. ఎవరో తెలీదు. బుధవారం మధ్యాహ్నం ఆడవాళ్ల వేళ అయ్యాకే ఆ జవాబులు కనిపించేవి. ఆ రెండు గంటలూ జక్రయ్య మర్యాదగా బయట అరుగుమీద కూర్చునేవాడు.

"ఇంకోటి. ఆడవాళ్ల వేళలో ఆ పరుపులు కుట్టే హయాత్‌కి ఏం పని? కాటుక పెట్టుకుని, వయ్యారంగా నడుచుకుంటూ వస్తాడు."

"ఓ మూల కూర్చుంటాడండి. ఆడవాళ్లెవరూ కాదనలేదు."

"నేనంటున్నా కదా! వాడన్నా ఉండాలి, ఈ పుస్తకమన్నా ఉండాలి. తేల్చుకో."

తేల్చుకోవడానికి జక్రయ్యకి ఎంతోసేపు పట్టలేదు. పుస్తకం పోతే అక్క పోతుంది. హయాత్‌దేముంది, ఎక్కణ్ణుంచో పొట్టకూటికి వచ్చినవాడు.

బుధవారం గుమ్మంలోనే ఆపేశాడు.

"హయాత్, ఇకనుంచి మగవాళ్ల వేళకి రా."

"వాళ్లు నన్ను కూర్చోనివ్వరండి."

"నేనేం చెయ్యను? ఆడవాళ్లకి ఇబ్బంది."

హయాత్ ఒక్కసారి లోపలికి చూశాడు.

"సరేనండి. నావల్ల మీ ఉద్యోగానికి మాట రాకూడదు."

మర్నాడే సూదులూ దారాలూ మూటగట్టుకుని పిడుగురాళ్ల బస్సెక్కాడని విన్నాడు. మనసు చివుక్కుమన్నా, పుస్తకం దక్కిందిలే అనుకున్నాడు.

ఆ రోజే జక్రయ్య ఎడమచేత్తో మళ్లీ రాశాడు. 'ఆమె చీరలు పెట్టెలోనే ఉన్నాయి. ఎవరికన్నా ఇవ్వనా, దాచుకోనా అక్కా?'

జవాబు రాలేదు.

ఒక బుధవారం పోయింది. రెండు పోయాయి. అయిదు పోయాయి. పుస్తకంలో ప్రశ్నలే మిగిలాయి. చీరల పెట్టె తెరిచీ మూసీ జక్రయ్యకి పిచ్చెక్కినట్టయింది. అక్కకి ఏమైందో ఏమో!

చివరికి సిగ్గు చంపుకుని, ఆడవాళ్ల వేళకి వచ్చిన, మిరపకాయల తొడిమలు తీసే బసవమ్మని అరుగు దగ్గర ఆపాడు.

"బసవమ్మా, పుస్తకంలో జవాబులు రాసే అక్క ఎవరో నీకు తెలుసా? ఒంట్లో బాగాలేదా? ఊళ్లో లేదా? ఆ ఎడమచేతి రాత నాదే. ఒక్కసారి ఆవిడతో మాట్లాడాలి."

బసవమ్మ చేతిలోని సంచి అరుగుమీద దించింది.

"తెలీకే అడుగుతున్నావా నాయనా?"

"ఒట్టు, తెలీదు. ఆవిడకి ఏ ఇబ్బందీ రాకూడదనే కదా హయాత్‌ని కూడా పంపేశాను!"

బసవమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

"మేమంతా అక్కా అని పిలిచేది ఆ హయాత్‌నే నాయనా."