తిట్ల హక్కుదారు

"ఈ తిట్లు ఎవరివమ్మా?"

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో కాపీరైటు వ్యవహారాలు చూసే అధికారి కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి అడిగాడు.

"మా అత్తగారివండీ" అంది పరిశోధక విద్యార్థిని. అత్తవారింట వినబడ్డ మాటలన్నీ గాలికి పోనివ్వడం ఇష్టం లేక, ఆ కోడలు వాటి మీదే థీసిస్ రాసింది.

"'నీ మొహం మండా' లాంటివి అందరి సొత్తు, ఎన్నయినా వాడుకోండి. కానీ ఇదేమిటి, 'తాళంచెవి మింగిన ట్రంకుపెట్టె మొహమా'! 'నువ్వు తోమితే గిన్నెకే జాలేస్తుంది'! ఇవి ఎవరో శ్రద్ధగా కట్టినవి. ఒకటో రెండో ఉదహరిస్తే పేచీ లేదు. మీరు అధ్యాయమంతా గుదిగుచ్చారు. కట్టినావిడ సంతకం కావాలి."

"పెట్టనంటే?"

"అధ్యాయం తీసేయాలి. అదీ ఈ వారంలోనే."

అది తీసేస్తే కోడలి థీసిస్‌కి అట్టలే మిగులుతాయి. ఆమె సిద్ధాంతమంతా అందులోనే ఉంది మరి: ఇంత సొగసైన తిట్టు అత్తరికంలో తప్ప పుట్టదు, అమ్మల నోట రానే రాదు. రుజువుగా తన తల్లినే చూపించింది. ఆవిడ వెన్నపూస లాంటి మనిషి. ఆదివారం ఆదివారం ఫోన్ చేసి, కూతురి క్షేమం కనుక్కుని, "ఏదీ, వదినగారికోసారి ఇవ్వు" అంటుంది. అమ్మ మంచి మాటలతోనైనా అత్తగారు మెత్తబడతారేమోనని కోడలి ఆశ.

మెత్తబడే మనిషేనా! ఎదురుగా ఎవరూ లేకపోయినా స్టవ్ వైపు తిరిగి, ఒక్కో తిట్టూ నెమరేసుకున్నట్టు అనేవారు. వారం మొదట్లో అయితే మరీ జోరు. అవి ఎవరికో కోడలికి ఒకరు చెప్పక్కర్లేదు. "రికార్డు చేసుకోనా అత్తయ్యా?" అని ఉక్రోషంగా అడిగితే, "చేసుకో, నాకేం భయం" అనేశారు.

ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు.

"అత్తయ్యా, ఈ కాగితం మీద మీ సంతకం కావాలి."

"ఇల్లు రాయించుకుంటున్నావా?"

"తిట్లత్తయ్యా. యూనివర్సిటీలో తెగ మెచ్చుకున్నారు. కట్టినవాళ్ళు ఒప్పుకుంటేనే వాడుకోవాలట."

అత్తగారి చేయి ఆగిపోయింది. "మెచ్చుకున్నారా? ఏదేది?"

"'నిద్రలో నడిచే నత్తా' చదివి అక్కడి అధికారి పడీపడీ నవ్వారు."

"నవ్వరూ మరి? పడ్డవాళ్ళకి కదా తెలిసేది!"

కోడలు తన చెవులను తానే నమ్మలేకపోయింది. ఇన్నాళ్ళకి అత్తగారు తన బాధ గ్రహించారు! కళ్ళు చెమ్మగిల్లాయి.

"పోనీలెండి. నేనేం మనసులో పెట్టుకోలేదు."

"నువ్వెందుకు పెట్టుకుంటావే?" అని అత్తగారు విస్తుపోయారు. తరువాత కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు. "దీని మీద నా పేరు వేస్తారా?"

"పెద్దక్షరాలతో వేస్తారు. ఇక మీ అనుమతి లేకుండా ఎవరూ వాటిని వాడుకోకూడదు."

"ఎవరూనా? ఎంతటివాళ్ళయినా?"

"ఎంతటివాళ్ళయినా!"

అత్తగారి మొహం చాటంత అయింది. చేతులు తుడుచుకుని పెన్ను అందుకున్నారు. మొదటి అక్షరం దగ్గరే ఆగారు. నిట్టూర్చి, పెన్ను కింద పెట్టేశారు.

"వద్దులేవే. దొంగ సంతకం నా వల్ల కాదు."

"దొంగదేముందత్తయ్యా? మీ నోటి నుంచి నేను స్వయంగా విన్నవేగా!"

"విన్నది నా నోటి నుంచే. కట్టింది నేనని ఎప్పుడైనా అన్నానా?"

"మరి ఎవరు కట్టారు?"

"అవన్నీ ప్రతి ఆదివారం మీ అమ్మ నన్ను తిట్టినవే."