పదికి రెండు

"నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏమేం తిన్నావో వరసగా చెప్పు," అంటూ ఆమె ఫోన్లో ఫారం తెరిచింది.

ఎదురుగా పీట మీద కూర్చున్న పదమూడేళ్ళ పిల్ల వంటింటి గుమ్మం వైపు చూసింది. అక్కడ దాని అమ్మమ్మ తలుపుకి ఆనుకుని నిలబడి ఉంది. కళ్ళకి పొరలు కమ్మిన ముసలావిడ. వచ్చినామె ఎవరో పోల్చుకోలేదు.

"ఆఫీసు నుంచి వచ్చారే. ఉన్నదున్నట్టు చెప్పు," అంది మనవరాలితో.

ఉన్నదున్నట్టు. ఆ మాటకి ఆమె లోపల భగ్గుమంది.

ఇరవై రెండేళ్ళ కిందట ఆమె కూడా ఈ గుమ్మం ముందే కంచం పట్టుకుని కూర్చునేది. అమ్మా నాన్నా పోతే మేనమామ తీసుకొచ్చి ఈ ఇంట్లో పెట్టాడు. మామయ్య పొద్దున పనికి వెళితే దీపాలు పెట్టేవేళకి గానీ వచ్చేవాడు కాదు. ఎవరి కంచంలో ఏం పడాలో నిర్ణయించేది మామయ్య భార్య, ఇప్పుడు గుమ్మంలో నిలబడ్డ ఈ అత్తే. అత్త కూతురికి గుడ్డు, మీగడ కట్టిన పాలు, పండు. ఆమెకి అన్నం, అందులోకి ఉప్పు కలిపిన గంజి. ఇంకేమైనా అడిగితే, కూర్చోబెట్టి మేపడానికి ఇదేమన్నా సత్రమా అనేది అత్త. బళ్ళో రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయింది. పెళ్ళయ్యాక రెండు కాన్పులూ నిలవలేదు. ఎదిగే వయసులో సరైన తిండి లేక ఒంట్లో రక్తం పట్టలేదని డాక్టరమ్మ తేల్చేసింది. ఆ రోజు ఆస్పత్రి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఆమె తలుచుకున్నది పోయిన బిడ్డని కాదు, అత్తని.

అందుకే ఈ ఊరి సర్వే ఇంకో అమ్మాయికి పడితే, బతిమాలి మరీ తన మీదకి మార్పించుకుంది.

పల్లెల్లో ఎదిగే పిల్లలు ఎన్ని రకాల తిండి తింటున్నారో రాసుకోవడమే సర్వే. పది రకాలకి పది మార్కులు. ఫారంలో పేర్లుండవు, ఇంటి నంబరూ పిల్లల వయసూ అంతే. కన్నవాళ్ళు దగ్గర లేని పిల్లలకి మార్కులు నాలుగు దాటకపోతే, ఆఫీసువాళ్ళు వచ్చి హాస్టల్లో చేర్చేస్తారు. ఈ పిల్ల అమ్మా నాన్నా ఇటుకల బట్టీ పనికి వలసపోయారు, ఏడాదికోసారి వస్తారు. మామయ్య పోయి చాలాకాలమైంది. ముసలావిడకి ఈ పిల్ల తప్ప ఇంట్లో మరో మనిషి లేదు. అవన్నీ పేర్లు లేని ఆఫీసు కాగితాల్లో ఇంటి నంబరు పట్టి చూసుకునే వచ్చింది ఆమె.

పిల్ల వేళ్ళు మడుస్తూ చెప్పింది. పొద్దున గుడ్డు, పాలు. బడికి అన్నం, పప్పు, తోటకూర. సాయంత్రం జామపండు, గుప్పెడు వేరుశనగలు. రాత్రికి చేప, గుమ్మడికాయ.

"రోజూ ఇలాగేనా?"

"చేప వారానికి రెండుసార్లే. మిగతావి రోజూ ఉంటాయి. వద్దంటే అమ్మమ్మ ఊరుకోదు. నేను తినేదాకా ఎదురుగా కూర్చుంటుంది."

ముసలావిడ అందుకుంది. ఆడపిల్లకి ఇంత మేపుడేమిటని ఇరుగుపొరుగు నవ్వుతారట. గుడ్లు అమ్ముకోక పిల్ల నోట్లో పెడతావేమిటని అడుగుతారట. కోళ్ళని తనే పెంచుతుందట, పెరట్లో ఆకుకూరలూ తనే వేస్తుందట. పాల కోసం ఈ వయసులో పాలవాళ్ళ పశువుల పాక ఊడుస్తుందట.

"నవ్వుకుంటే నవ్వుకోనీ అమ్మా. ఎదిగే పిల్ల కడుపు మాడ్చకూడదు," అంది చివరికి, గొంతు తగ్గించి.

ఆమెకి చెంప మీద కొట్టినట్టయింది. అయితే తెలుసన్నమాట. తెలిసే మాడ్చింది. కూతురి కూతురైతే పశువుల పాక ఊడ్చయినా పాలు పోస్తుంది. మేనకోడలైతే గంజి చాలు.

పది గళ్ళలో తొమ్మిదింటికి టిక్కు పడాలి. ఆమె రెండింటికే పెట్టింది. అన్నం ఉంది, పప్పు ఉంది, ఇంకేమీ లేవు. అడుగున పదికి రెండు అని పడింది.

పంపబోతుంటే వేలు కాస్త ఆగింది. హాస్టల్లో పిల్లలకి రెండుపూటలా నీళ్ళపప్పేనని ఆమెకి తెలుసు. పోయిన నెల అక్కడి ఫారాలు నింపింది ఆమే. తలెత్తి పిల్ల వంక చూసింది. నున్నటి బుగ్గలు, నల్లగా నిగనిగలాడే జుట్టు. ఆ వయసులో తనకి లేనివన్నీ ఉన్నాయి. వేలు దిగింది. ఒకసారి పంపిన ఫారం దిద్దడానికి ఇక వీల్లేదు.

ఇన్నేళ్ళ తర్వాత ఆమెకి కడుపు నిండినట్టుగా ఉంది.

"మా పిల్లకి ఎన్ని మార్కులొచ్చాయమ్మా?" అని ముసలావిడ ఆశగా అడిగింది.

"ఆఫీసువాళ్ళే వచ్చి చెబుతారు," అంది ఆమె చెప్పులు వేసుకుంటూ.

ముసలావిడ సంతోషంగా తల ఊపి వంటింట్లోకి వెళ్ళింది. పిల్ల గేటుదాకా సాగనంపడానికి వెంట వచ్చింది. ఆమె గడియ తీస్తూ ఉండగా లోపల్నుంచి అత్త గొంతు వినిపించింది, ఆమె పేరు పెట్టి పిలుస్తూ.

చెయ్యి గడియ మీదే ఉండిపోయింది. అమ్మా నాన్నా పెట్టిన పేరు అది. ఈ ఇంట్లో ఉన్న నాలుగేళ్ళూ "ఏయ్" అనడమే తప్ప అత్త నోటివెంట ఒక్కసారీ రాని పేరు. ఇప్పుడెంత మెత్తగా వస్తోందో. అయితే గొంతు పట్టి పోల్చుకుందన్నమాట. మంచిదే. ఎవరు చేశారో తెలియకపోతే ఈ పగ తీరి ఏం లాభం? రానీ. వచ్చి కాళ్ళు పట్టుకోనీ. ఇరవై రెండేళ్ళుగా దాచుకున్న మాటలన్నీ నాలుక మీదకి తెచ్చుకుని ఆమె వెనక్కి తిరిగింది.

అత్త అదే పేరుతో మళ్ళీ పిలిచింది.

"వస్తున్నా అమ్మమ్మా," అని పలికింది పక్కనున్న పిల్ల.