గరిటె ఉన్నవాళ్లదే మాట

"వచ్చేస్తున్నాడు! ఆఫీసరే! చేతిలో నోటుబుక్కు కూడా ఉంది!"

కండక్టరు మెట్లెక్కి రొప్పుతూ చెప్పాడు. గదిలో ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా లేచారు. ఎందుకు లేచామో తెలియక మళ్లీ కూర్చున్నారు.

అది లైబ్రరీ మీది గది. మనసు బాగాలేనివాళ్లు గురువారం సాయంత్రాలు గుండ్రంగా కుర్చీలు వేసుకుని మాట్లాడుకుంటారు. అక్కడ డాక్టరు లేడు. నడిపించే నర్సమ్మతో సహా అందరూ ఆ బాధ పడ్డవాళ్లే.

గోడకు ఒక అట్టముక్క. దాని మీద నియమాలు. గరిటె చేతిలో ఉన్నవాళ్లే మాట్లాడాలి. మధ్యలో అడ్డు రాకూడదు. సలహా ఇవ్వకూడదు. పేరేమిటి, ఉద్యోగమేమిటి, ఎందుకొచ్చావు అని అడగకూడదు.

మొదటిరోజు అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే, నర్సమ్మ అప్పుడే కొన్న గరిటె సంచిలోంచి తీసి బల్లమీద కొట్టింది. అప్పట్నుంచీ అదే చట్టం.

రెండున్నర నెలల కిందట ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఒక అధికారి వచ్చి, మీతో కూర్చుని, చూసి, నివేదిక రాస్తాడు. అది బాగుంటేనే గది మీది. లేదంటే చదరంగం క్లబ్బుది. ఎవరొస్తారో, ఎప్పుడొస్తారో రాయలేదు. వేళ్లాడదీయడం ఆఫీసులకు వెన్నతో పెట్టిన విద్య.

"ఈ గది పోతే నేను మళ్లీ పొయ్యితో మాట్లాడుకోవాలి" అంది బేకరీ అక్క. "అది ఊ కూడా కొట్టదు."

బట్టతలాయన లోపలికొచ్చాడు. గోడలు చూశాడు. కిటికీలు మరీ పరీక్షగా చూశాడు. నోటుబుక్కులో రాసుకున్నాడు.

"నమస్కారమండీ, నేను..."

"చెప్పక్కర్లేదు. కూర్చోండి" అంది నర్సమ్మ. వచ్చిన ప్రతివాళ్లతోనూ ఆమె అదే మాట అంటుంది. "ఇక్కడ ఎవరూ అడగరు."

ఆయన నోరు తెరిచి, అట్టముక్క చదివి, నోరు మూసుకుని కూర్చున్నాడు.

గరిటె బేకరీ అక్కకు వెళ్లింది.

"మొన్న ఎన్ని నెలల తర్వాతో ఒళ్లు తెలీకుండా నిద్రపోయా. ఆలస్యంగా లేచి ఆ కంగారులో బ్రెడ్డులో ఈస్టు వెయ్యడం మర్చిపోయా. చెప్పుల్లా వచ్చాయి. ఒకాయన, కొత్త రకమా అమ్మా అని నాలుగు పట్టుకెళ్లాడు. మర్నాడొచ్చి మళ్లీ అవే కావాలంటాడు! ఇప్పుడు చెప్పులు కూడా చేస్తున్నా."

కండక్టరుకు సలహా గొంతుదాకా వచ్చింది. మింగలేడు, కక్కలేడు. ఆఫీసరు ఎదురుగా ఉన్నాడు. చేతిరుమాలు నోట్లో కుక్కుకున్నాడు. గుడ్లు తేలేశాడు. అది చూసి ముందు అక్క కిసుక్కుమంది. తర్వాత నర్సమ్మ. తర్వాత గదంతా. బట్టతలాయన నవ్వుకు కుర్చీ కిర్రుమంది.

"నవ్వాడు, నవ్వాడు" అని రుమాల్లోంచి గొణిగాడు కండక్టరు.

గరిటె వాయిదా గారికి అందింది. ఆ పేరు ఆయనే పెట్టుకున్నాడు. ఎప్పుడూ మూలకుర్చీ. ఎప్పుడూ ఒకటే బాధ.

"ఇవాళ కూడా రాయలేదండీ. ఒక్క పేజీ. పైవాళ్లు మూడుసార్లు అడిగారు. రాయడానికి కూర్చుంటే చెయ్యి ఆడదు. అది ఇచ్చేస్తే నా పని అయిపోయినట్టే. ఆ తర్వాత ఇక నాకు వెళ్లడానికి చోటుండదు. మా ఆవిడ పోయినప్పుడు ఓదార్చడానికి నలభైమంది వచ్చారు. టీలు తాగి వెళ్లారు. మళ్లీ ఒక్కడు తలుపు తట్టలేదు."

ఏ పేజీ అని ఎవరూ అడగలేదు. ఉద్యోగం వదిలే కాగితమై ఉంటుందని అందరూ ఎప్పుడో అనుకున్నారు. నియమం నియమమే. బేకరీ అక్క మాత్రం కుర్చీ కొంచెం ఆయన వైపు జరుపుకుంది.

గరిటె బట్టతలాయన చేతికొచ్చింది. అందరూ కుర్చీల్లో ముందుకు వంగారు.

"బాగా నవ్వానండీ. చాన్నాళ్లయింది ఇలా నవ్వి. కానీ నేను కర్టెన్లవాణ్ణి. కిటికీల కొలతలకొచ్చా. చదరంగం క్లబ్బువాళ్లు పంపారు. మీ నివేదికేదో ఆఫీసుకు ఇంకా చేరలేదట. శనివారంలోగా చేరకపోతే గది వాళ్లదేనట."

కండక్టరు రుమాలు పీకి పారేశాడు.

"ఏమిటీ! కర్టెన్లాయన కోసమా నేను గంటసేపు సలహా మింగింది!"

అంతే. నవ్వు కట్ట తెగింది. గది పోతోంది, అయినా ఆగలేదు. బేకరీ అక్క బల్ల పట్టుకుంది. నర్సమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "మాస్టారూ, మా కిటికీలకు చెప్పులరంగు గుడ్డ వెయ్యండి" అని ఎవరో అన్నారు. మళ్లీ మొదలు.

వాయిదా గారొక్కరే నవ్వలేదు. ముఖం పాలిపోయింది. లేచి కర్టెన్లాయన దగ్గరికెళ్లాడు.

"ఒక కాగితం చించి ఇస్తారా? పెన్ను కూడా."

కిటికీ గట్టు మీద పెట్టి, నిలబడే రాశాడు. చెయ్యి ఒక్కసారి కూడా ఆగలేదు.

"రాసేస్తున్నాడు! మన వాయిదా గారు రాసేస్తున్నాడు!" కండక్టరు ఈలేశాడు. గది పోయే రోజున గదంతా చప్పట్లు.

ఆయన కాగితం తెచ్చి నర్సమ్మకిచ్చాడు. చెవులదాకా ఎర్రబడ్డాడు.

"అందరికీ వినబడేలా చదవండి."

నర్సమ్మ గరిటె ఒక చేత్తో, కాగితం ఒక చేత్తో పట్టుకుని చదివింది: "అయ్యా, తమరు పంపిన ప్రకారం తొమ్మిది వారాలుగా ఈ గదిలో కూర్చుని వీరిని పరిశీలిస్తున్నాను, పరిశీలన ఇంకా పూర్తికాలేదు, కనుక గదిని వీరికే ఉంచి నాకు మరో ఏడాది గడువు ఇప్పించ ప్రార్థన."