పేరు రాయని గుట్ట

"అయ్యా, ఆ గుట్ట పేరు మాత్రం పేపర్లో రాయమాకండి."

నరసరావుపేటలో తన విత్తనాల కొట్లో కూర్చున్న చంద్రమౌళి తలెత్తాడు. గుమ్మంలో ఎవరో ముసలాయన, మాసిన పంచెతో నిలబడ్డాడు.

కొట్టు విత్తనాలదే అయినా చంద్రమౌళి ప్రాణమంతా ఆదివారం పత్రికకు రాసే ప్రకృతి వ్యాసాల మీదే. మొన్న నక్షత్ర తాబేళ్ళ గురించి రాసి, అవి ఉండే గుట్ట పేరు వచ్చేవారం చెబుతానని ఊరించాడు.

"రాస్తే నీకేంది నష్టం?"

"అన్నీ ఏరుకుపోతారయ్యా. ఆ జనం సంగతి నాకు తెలుసు."

"ఎట్టా తెలుసు?"

ముసలాయన తల దించుకున్నాడు. "ఒకప్పుడు నేనూ పట్టి అమ్మినోణ్ణే."

"అదీ సంగతి. నీ వాటా పోద్దని వచ్చావన్నమాట. వేటగాళ్ళ మొహం చూడనని ఎన్నిసార్లు రాశాను? ఎల్లు."

ముసలాయన రొంటిన చెయ్యి పెట్టాడు. మడతపెట్టిన కాయితం ఒకటి బల్ల మీద ఉంచి వెళ్ళిపోయాడు.

చంద్రమౌళి దాన్ని విప్పకుండానే బిల్లుల మేకుకి గుచ్చేశాడు.

ఆ మాటకొస్తే అతని నేస్తం 'తంగేడు'దీ ఇదే గోల. అదే పత్రికలో ఆ కలంపేరుతో రాస్తాడు. అసలు పేరు తెలియదు, మనిషిని చూసిందీ లేదు. పదకొండేళ్ళుగా పత్రికాఫీసు ద్వారా ఉత్తరాలు నడుస్తున్నాయి. భార్య పోయిన ఏడాది చంద్రమౌళిని మనిషిని చేసింది ఆ ఉత్తరాలే. అంతటి తంగేడు కూడా ఏ వ్యాసంలోనూ చోటు పేరు రాయడు. 'ఒక వాగు', 'ఒక గుట్ట', అంతే. వట్టి పిరికివాడివని చంద్రమౌళి ఏడిపించేవాడు.

ఆదివారం పేరు అచ్చయింది. మాచర్ల దగ్గర ఎర్రబోడు.

మెచ్చుకుంటూ చాలా ఉత్తరాలొచ్చాయి. తంగేడు నుంచి మాత్రం రాలేదు.

నెల తర్వాత చంద్రమౌళి ఎర్రబోడు ఎక్కాడు. పొదపొదా వెతికాడు. ఒక్క తాబేలూ లేదు.

"బస్తాలకెత్తుకుపోయారయ్యా," అంది అక్కడ మేకలు కాస్తున్న పున్నమ్మ. "కోటయ్య మావ ఒక్కడే అడ్డం పడ్డాడు. తోసి పారేశారు. మంచాన పడి పదిరోజులకి పోయాడు. ఎప్పుడో తాబేళ్ళు పట్టినోడే గానీ, ఇరవై ఏళ్ళుగా ఈటికి కాపలా కాశాడు. ఎవరో పేపరాయన్ని బతిమాలటానికి పేటకి గూడా పోయొచ్చాడు."

చంద్రమౌళి గబగబా గుట్ట దిగాడు.

కొట్టుకొచ్చి మేకుకున్న కాయితాలన్నీ ఊడబెరికాడు. ఆ మడత విప్పాడు.

'వేటగాణ్ణని తెలిస్తే ఉత్తరాలు మానేస్తావని ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఇప్పుడు మానేసినా సరే, ఆ పేరు కొట్టెయ్ మిత్రమా.'

కింద సంతకం లేదు. పదకొండేళ్ళు తంగేడు ఉత్తరాలు చదివినవాడికి ఆ చేతిరాత కింద సంతకం అక్కర్లేదు.