ముప్పై కౌంటు

"ఎవరయ్యా నువ్వు? నా చెరువులో చెయ్యి పెడుతున్నావేంటి?"

గట్టు మీద గొంతుక్కూర్చున్న ముసలాయన తలెత్తి చూశాడు. చేతిలో చెక్ ట్రే ఉంది. రొయ్యలు మేత తింటున్నాయో లేదో తెలుసుకోవడానికి నీళ్లలోకి దించే వల పళ్లెం అది.

"పక్క చెరువు కాపలా అండి. మేత మిగిలిపోతోంది, చూశారా?"

జోగేశ్వరరావు చూడలేదు. మేత వేసే కూలీ ఏం చెబితే అదే నమ్ముతాడు. పొద్దున్నే పెనుగొండలో తన కిరాణా కొట్టు తెరిచి, భార్యను కూర్చోబెట్టి, మోటారుసైకిల్ మీద పన్నెండు కిలోమీటర్లు వచ్చాడు. మళ్లీ పదింటికల్లా కొట్లో ఉండాలి. మూడు నెలలుగా ఇదే తిరుగుడు. ఒళ్లు పులిసిపోయింది.

"వాన పడింది కదా. ఒక పూట అలాగే ఉంటుంది."

"ఇప్పుడు కౌంటెంతండి?"

"యాభై."

అంటే కిలోకి యాభై రొయ్యలు తూగుతున్నాయి.

"పట్టేయండి."

జోగేశ్వరరావుకి నవ్వొచ్చింది.

"ఇంకో నెల ఆగితే ముప్పైకి వస్తుంది. అంత రొయ్యకి రేటెంతో తెలుసా నీకు?"

"తెలుసండి. అవతల రెండు చెరువులకి వైట్‌స్పాట్ రోగం తగిలింది. చచ్చిన రొయ్యల్ని కాకులు తెచ్చి ఇటు పడేస్తున్నాయి. పోనీ, సగమన్నా పట్టేయండి."

"సగం సగం పనులు చేసే ఇరవయ్యేళ్లుగా అద్దె కొట్లో ఉండిపోయాను."

"కొట్లో అయితే వచ్చిన బేరం వదులుకుంటారా అండి?"

ఆ మాట ఎక్కడో తగిలింది. రేటు పెరుగుతుందని కందిపప్పు బస్తా ఏనాడూ దాచినవాడు కాదు. ఈ రోజుకి వచ్చింది చాలనుకునేవాడు. ఆ చాలనుకోవడంతోనే ఇల్లు గడిచింది, కూతురు చదువుకుంది. చెరువు గట్టు ఎక్కాక ఆ బుద్ధి ఎటు పోయిందో అతనికే తెలియదు.

"ముప్పైకి వస్తే అభిషేకం చేయిస్తానని అమ్మవారికి మొక్కుకున్నాను," అన్నాడు.

"యాభైకి చేయించినా అమ్మవారు కాదనరండి."

"ఇన్ని తెలిసినవాడివి, కాపలా ఎందుకు కాస్తున్నావు మరి?"

ముసలాయన నొచ్చుకోలేదు.

"అదేనండి, నేనూ అప్పుడప్పుడు అనుకుంటాను," అని ట్రేని మెల్లగా నీళ్లలోకి వదిలి వెళ్లిపోయాడు.

కొట్టుకి రాగానే భార్య మీనాకుమారితో ఆ సంగతి చెప్పాడు. ఆమె బంగారు గాజులు అమ్మి ఆ చెరువుని కౌలుకి తీసుకున్నారు.

"పట్టేద్దామండీ. ఇప్పుడు పట్టినా నా గాజులు మళ్లీ వస్తాయి కదా."

"గాజులు మాత్రమే వస్తాయి. ముప్పైకైతే ఈ కొట్టే మనదవుతుంది."

ఆమె శనగపిండి పొట్లం కడుతూ ఉండిపోయింది.

ఎనిమిదో రోజు పొద్దున్నే రొయ్యలు గట్టు వెంబడి తేలాయి.

వల మేస్త్రి ఏసురాజు మనుషుల్ని తీసుకుని పరుగున వచ్చాడు. మధ్యాహ్నం దాకా లాగారు. సగానికి పైగా అప్పటికే చచ్చాయి. మిగిలినవాటికి కొనేవాళ్లు చెప్పిన రేటు మేత ఖర్చుకీ చాలదు.

మీనాకుమారికి చెబుదామని ఫోన్ తీశాడు. మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు.

అప్పుడు పక్క గట్టు మీంచి ముసలాయన వచ్చాడు. కూర్చున్న వల మనుషులు బీడీలు పారేసి లేచి నిలబడ్డారు. ఆయన పంచె ఎగ్గట్టి నీళ్లలోకి దిగి, చచ్చిన రొయ్యల్ని బుట్టలోకి ఏరడం మొదలుపెట్టాడు.

"సున్నం వేసి పూడ్పించండి. లేకపోతే కాకులు ఇంకొకరి చెరువులో వేస్తాయి," అన్నాడు.

జోగేశ్వరరావు మేస్త్రిని పక్కకి పిలిచాడు.

"ఎవరు ఏసురాజూ ఆయన?"

"తెలీదాండి మీకు? ఆదినారాయణరాజు గారండి." ఏసురాజు గొంతు తగ్గించాడు. "ఇక్కణ్ణించి కాలవ దాకా పద్నాలుగు చెరువులూ ఒకప్పుడు ఆయనవేనండి, అన్నీ పోగా ఆఖరికి మిగిలింది మీరు కౌలుకి తీసుకున్న ఈ చెరువేనండి, దీన్నీ ముప్పై కౌంటు కోసం ఆగి పోగొట్టుకున్నారండి."